షేర్డ్ లైబ్రరీ ఒక్కటే, వర్షన్ నంబర్లు మాత్రం సిస్టంకొకటి

ఉబుంటు 22.04 అనే లినక్స్ సిస్టం ఉన్న కంప్యూటర్‌లో తెలుగు అక్షరం తెరమీదికి రావడానికి ముందు, ఫాంటులోని గీతలను తెర చుక్కలుగా మార్చి ఇచ్చే పని ఫ్రీటైప్ అనే షేర్డ్ లైబ్రరీది, అంటే అనేక ప్రోగ్రాంలు కలిసి వాడుకునే కోడ్ ఫైలుది. ఆ సిస్టంలో ఉన్న ఫ్రీటైప్ విడుదల నంబరు 2.11.1. డిస్కు మీద ఉన్న ఫైలు పేరు లిబ్‌ఫ్రీటైప్.ఎస్ఓ.6.18.1. అదే కంప్యూటర్‌లో లైబ్రరీల వివరాలు చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ ఉపకరణాన్ని అడిగితే 24.1.18 అని చెబుతుంది. ఇదే విడుదలను లిబ్‌టూల్ అనే బిల్డ్ ఉపకరణం సాయంతో మాక్‌లో బిల్డ్ చేస్తే లిబ్‌ఫ్రీటైప్.6.డైలిబ్ అనే ఫైలు వస్తుంది, దాని లోపల 25.1 అనే మరో నంబరు ఉంటుంది. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్ సరంజామాతో బిల్డ్ చేస్తే లిబ్‌ఫ్రీటైప్-6.డీఎల్ఎల్ వస్తుంది. ఇన్ని నంబర్లను చూసిన కొత్తవారికి ఎక్కడో పొరపాటు జరిగిందనే అనిపిస్తుంది. నిజానికి వీటిలో ఏదీ తప్పు కాదు. వీటన్నింటినీ ఒకే నంబరుగా మార్చాలని పూనుకోవడమే తప్పు.

విడుదల నంబరు మనుషుల కోసం. ఏ విడుదలలో ఏ కొత్త సౌకర్యం వచ్చిందో, ఏ లోపం తొలగిందో అది చెబుతుంది. ఫైలు పేరులో గానీ, ఫైలు లోపల గానీ ఉండే రెండో నంబరు లోడర్ కోసం, అంటే ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలను వెతికి మెమరీలోకి ఎక్కించే సిస్టం భాగం కోసం. ప్రోగ్రాం మొదలయ్యే క్షణంలో లోడర్‌కు తెలియవలసింది ఒక్కటే: ఈ ప్రోగ్రాం కంపైల్ అయిన నాడు లైబ్రరీకీ దానికీ మధ్య కుదిరిన ఒప్పందం, ఇప్పుడు డిస్కు మీద ఉన్న లైబ్రరీలో చెల్లుతుందా లేదా? ఫంక్షన్ల పేర్లు, వాటికి పంపే విలువల పరిమాణాలు, స్ట్రక్చర్లలో ఏ అంకె ఎన్నో బైటు దగ్గర ఉంటుంది అనే వివరాలు కలిస్తే ఆ ఒప్పందం అవుతుంది. దీన్నే ఏబీఐ అంటారు. పొలానికి సర్వే నంబరు ఎలాంటిదో లైబ్రరీకి ఈ రెండో నంబరు అలాంటిది. పట్టాదారు మారినా, పంట మారినా సర్వే నంబరు మారదు. హద్దులు మారితేనే కొత్త సబ్‌డివిజన్ పడుతుంది.

అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల్లో గానీ, అక్కడి చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల్లో గానీ ఒకే వయసు కంప్యూటర్లు ఒకచోట ఉండడం అరుదు. ఒక వరుసలో ఉబుంటు 20.04, మరో వరుసలో 24.04, ఆఫీసు గదిలో విండోస్, ఎవరి చేతిలోనో ఒక మాక్, అందరి జేబుల్లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లు ఉంటాయి. అందువల్ల ఇక్కడ రాసే లైబ్రరీకి మొదటి రోజునుంచే నాలుగైదు సిస్టంల బాధ్యత మీద పడుతుంది. విషయం స్పష్టం కావడానికి ఒక ఊహా లైబ్రరీని తీసుకుందాం. అనంతపురంలో ఒక బృందం భూమి కొలతల లెక్కలకు లిబ్‌సెంటు అనే లైబ్రరీని సీ భాషలో రాసింది. కడపలో దస్తావేజులు రాసేవారి కంప్యూటర్లలో విండోస్ ప్రోగ్రాం దాన్ని వాడుతుంది, కర్నూలులో ఒక ఆండ్రాయిడ్ యాప్ వాడుతుంది, సర్వర్లలో లినక్స్ ప్రోగ్రాంలు వాడుతున్నాయి. ఎకరాకు 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. లైబ్రరీ చేసే లెక్క ఇంతే.

లినక్స్‌లో ఈఎల్ఎఫ్ అనే ఫైలు పద్ధతిలో ఈ లైబ్రరీకి మూడు పేర్లు ఉంటాయి. లిబ్‌సెంటు.ఎస్ఓ.0.1.0 అసలు ఫైలు. లిబ్‌సెంటు.ఎస్ఓ.0 అన్నది ఎస్ఓనేమ్. ఇది లైబ్రరీ ఫైలు లోపలే రాసి ఉంటుంది, ప్రోగ్రాంను లింక్ చేసేటప్పుడు, అంటే లైబ్రరీతో జతచేసేటప్పుడు, లింకర్ దాన్ని ప్రోగ్రాంలోకి నకలు చేసుకుంటుంది. నంబరు ఏదీ లేని లిబ్‌సెంటు.ఎస్ఓ మూడోది, ఇది లింక్ చేసే సమయంలో మాత్రమే అవసరపడే, అసలు ఫైలును చూపే పేరు (లింకు). ప్రోగ్రాం నడిచేటప్పుడు లోడర్ ఎస్ఓనేమ్ పేరు గల ఫైలునే వెతుకుతుంది. ఆ పేరుతో అసలు ఫైలుకు లింకు పెట్టే పని ఎల్‌డీకాన్ఫిగ్ అనే కమాండు చేస్తుంది. అంటే 0.1.0లో చివరి రెండు అంకెలను లోడర్ అసలు చూడదు. అవి ఎల్‌డీకాన్ఫిగ్ కోసం, ప్యాకేజీ చేసేవారి కోసం ఉన్నాయి. రీడ్‌ఈఎల్ఎఫ్ కమాండుకు మైనస్ డీ జోడించి నడిపితే లైబ్రరీలో ఎస్ఓనేమ్ వరుస, ప్రోగ్రాంలో దానికి కావలసిన లైబ్రరీల పేర్లు చెప్పే నీడెడ్ వరుసలు కనిపిస్తాయి. లైబ్రరీల గురించిన ఏ చర్చలోనైనా ముందుగా చూడవలసింది ఈ వరుసలనే, ఫైలు పేరును కాదు.

లిబ్‌టూల్ లోపల ఉంచుకునేవి వేరే మూడు అంకెలు: కరెంట్, రివిజన్, ఏజ్. కరెంట్ అంటే లైబ్రరీ ఇప్పుడు అందిస్తున్న ఇంటర్‌ఫేస్ వరుస సంఖ్య. రివిజన్ అంటే ఆ ఇంటర్‌ఫేస్ మారకుండా లోపలి కోడ్ ఎన్నిసార్లు మారిందో చెప్పే లెక్క. ఏజ్ అంటే వెనుకటి ఇంటర్‌ఫేస్‌లు ఎన్నింటికి ఇంకా మద్దతు ఉందో చెప్పే అంకె. లిబ్‌సెంటు తొలి విడుదల 1.0కు ఇవి 0:0:0. పైసలు సర్దినట్లు సెంట్లను సర్దే చోట ఉన్న లోపాన్ని దిద్ది 1.1 విడుదల చేస్తే 0:1:0. తెలంగాణ వాడుక కోసం గుంటల లెక్కకు ఒక కొత్త ఫంక్షన్ చేర్చి 1.2 విడుదల చేస్తే కరెంట్ పెరుగుతుంది, పాతవన్నీ అలాగే ఉన్నాయి కనుక ఏజ్ కూడా పెరుగుతుంది, రివిజన్ సున్నా అవుతుంది: 1:0:1. హెక్టార్ల ఫంక్షన్‌తో 1.3 వస్తే 2:0:2. ఆపై కొలత స్ట్రక్చర్‌లో కొత్త అంకెను చేర్చి 2.0 విడుదల చేస్తే పాత ఒప్పందం చెల్లదు కనుక ఏజ్ సున్నాకు వస్తుంది: 3:0:0.

లినక్స్‌లో ఎస్ఓనేమ్ అంకె కరెంట్‌లోంచి ఏజ్ తీసివేస్తే వచ్చేది. కాబట్టి 1.0 నుంచి 1.3 దాకా అది 0గానే ఉండి, 2.0లో ఒక్కసారిగా 3కు దూకుతుంది. విడుదల 2.0, ఎస్ఓనేమ్ 3. మధ్యలో 1, 2 ఏమయ్యాయని అడిగేవారు ఉంటారు. ఏమీ కాలేదు, అవి అనుకూలమైన చేర్పుల కింద ఖర్చయ్యాయి. ఫ్రీటైప్‌లో 24:1:18 ఎస్ఓ.6.18.1 అయిందీ ఇదే లెక్కన: 24లోంచి 18 తీస్తే 6, తర్వాత ఏజ్ 18, తర్వాత రివిజన్ 1.

ఈ తీసివేతలో లినక్స్ ఒక సమాచారాన్ని పోగొట్టుకుంటుంది, దీని మీద జరగవలసినంత చర్చ జరగదు. హెక్టార్ల ఫంక్షన్‌ను వాడుకున్న ప్రోగ్రాం 1.3తో లింక్ అయిందనుకుందాం. దాన్ని ఇంకా 1.1 మాత్రమే ఉన్న కంప్యూటర్‌కు తీసుకెళ్తే, రెండింటి ఎస్ఓనేమ్ ఒక్కటే కనుక లోడర్ అభ్యంతరం లేకుండా లోడ్ చేస్తుంది. ఫంక్షన్లను అవసరమైనప్పుడే వెతికే లేజీ బైండింగ్ అమల్లో ఉంటే ప్రోగ్రాం సజావుగా మొదలై, ఎవరో హెక్టార్ల బటన్ నొక్కిన తర్వాతే సింబల్ (ఫంక్షన్ పేరు) దొరకలేదని ఆగిపోతుంది. మాక్ పద్ధతిలో దీనికి విరుగుడు ఉంది. మాక్ వాడే మాక్‌ఓ పద్ధతి ఫైలులో ఇన్‌స్టాల్ నేమ్‌తో (లినక్స్ ఎస్ఓనేమ్ లాంటిది) పాటు కంపాటిబిలిటీ వర్షన్, కరెంట్ వర్షన్ అని రెండు నంబర్లు ఉంటాయి. లింక్ చేసినప్పటి కంపాటిబిలిటీ నంబరు ప్రోగ్రాంలో నమోదవుతుంది, దొరికిన లైబ్రరీలోని నంబరు అంతకన్నా తక్కువ ఉండకూడదన్నది ఆ నియమం ఉద్దేశం. లిబ్‌టూల్ ఇక్కడ కరెంట్‌కు ఒకటి కలిపి రాస్తుంది, ఎందుకంటే మాక్ లింకర్‌కు సున్నా సరిపడదు. అందుకే ఫ్రీటైప్ 24 మాక్‌లో 25 అయింది, లిబ్‌సెంటు 1.3 కంపాటిబిలిటీ 3 అవుతుంది. ఈ నంబర్లకు స్థలం కూడా పరిమితమే: మొదటి భాగం 65535 దాటకూడదు, మిగిలిన రెండూ 255 దాటకూడదు. తేదీని ఎనిమిది అంకెలుగా కూర్చి వర్షన్‌గా పెట్టుకునే అలవాటు ఉన్నవారికి మాక్ లింకర్ దగ్గర అడ్డు తగులుతుంది.

యునిక్స్ కుటుంబానికి చెందిన ఓపెన్‌బీఎస్‌డీ సిస్టం దారి వేరు. 1988లో సన్ఓఎస్ 4తో వచ్చిన మేజర్, మైనర్ పద్ధతిని అది ఇప్పటికీ పాటిస్తోంది. ఫైలు పేరు ఎస్ఓ.మేజర్.మైనర్, మధ్యలో లింకులు ఉండవు. మేజర్ సరిపోయిన వాటిలో అతి పెద్ద మైనర్‌ను లోడర్ ఎంచుకుంటుంది. ఇది వినడానికి అన్నింటికన్నా సరళమైన పద్ధతి, కానీ గ్నూ లిబ్‌టూల్ ఇక్కడ మేజర్ స్థానంలో కరెంట్‌ను, మైనర్ స్థానంలో రివిజన్‌ను రాస్తుంది. గుంటల ఫంక్షన్ చేర్చినంత మాత్రాన లిబ్‌సెంటు మేజర్ 0 నుంచి 1కి మారి, పాత ప్రోగ్రాంలన్నీ అనవసరంగా తెగిపోతాయి. అందుకే ఓపెన్‌బీఎస్‌డీ పోర్టుల (బయటి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల) నిర్వాహకులు మూల రచయితలు ఇచ్చిన నంబర్లను పక్కనపెట్టి, ప్రతి లైబ్రరీకీ 0.0 నుంచి సొంత లెక్క నడుపుతారు. మూల రచయితలు దీన్ని అవమానంగా భావించనక్కర లేదు. ఆ సిస్టంలో ఒప్పందం ఎప్పుడు తెగిందో చెప్పగలిగేది దానిపై మొత్తం ప్యాకేజీలను బిల్డ్ చేసేవారే.

విండోస్‌లో లోడర్‌కు వర్షన్ అనే ఊహే లేదు. ప్రోగ్రాంలో ఉండేది డీఎల్ఎల్ (విండోస్ షేర్డ్ లైబ్రరీ) పేరు ఒక్కటే. ఫైలు ప్రాపర్టీస్‌లో కనిపించే నాలుగు అంకెల వర్షన్‌ను ఇన్‌స్టాలర్లు చూస్తాయి, మనుషులు చూస్తారు, లోడర్ చూడదు. 1990లలో ప్రతి ఇన్‌స్టాలరూ సిస్టం ఫోల్డర్‌లోని ఉమ్మడి డీఎల్ఎల్‌ను తన దానితో మార్చేయడం, దాంతో మరో ప్రోగ్రాం పడిపోవడం మామూలైంది. డీఎల్ఎల్ హెల్ అన్న పేరు అప్పటిదే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన సైడ్-బై-సైడ్ ఏర్పాటు ఒకే పేరు గల డీఎల్ఎల్ వేర్వేరు వర్షన్లు పక్కపక్కన ఉండేలా చూసింది. ఆచరణలో నిలిచిన పరిష్కారం మాత్రం రెండే. డీఎల్ఎల్‌ను ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే ఉంచడం ఒకటి, నంబరును పేరులోనే కలపడం రెండోది. మైక్రోసాఫ్ట్ సొంత సీ రన్‌టైమ్ పేర్లలో 71, 80, 90, 100 అని, ఇప్పుడు వీసీరన్‌టైమ్140 అని అంకెలు ఉండడం ఈ కారణంగానే. మింగ్‌డబ్ల్యూలో లిబ్‌టూల్ లిబ్‌సెంటు-3.డీఎల్ఎల్ అని పెడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇంతకూడా లేదు. యాప్ ప్యాకేజీలోంచి డాట్ ఎస్ఓతో ముగిసే ఫైళ్లనే సిస్టం బయటికి తీస్తుంది, ప్రతి యాప్ తన లైబ్రరీని తానే మోసుకెళ్తుంది. కాబట్టి కర్నూలు యాప్‌కు నంబర్ల బెడద లేదు, బదులుగా లోపం దిద్దిన ప్రతిసారీ యాప్‌నే మళ్లీ విడుదల చేయాలి.

నంబరు తప్పితే జరిగే నష్టం ఎంత దూరం వెళ్తుందో లిబ్‌సెంటు 2.0లోనే చూడవచ్చు. పాత స్ట్రక్చర్‌లో ఎకరాలు, సెంట్లు అనే రెండు అంకెలు, ఒక్కొక్కటి నాలుగు బైట్లు, మొత్తం ఎనిమిది. కొత్త దానిలో సెంటు లోపు మిగిలే చదరపు గజాలకు మూడో అంకె చేరి మొత్తం పన్నెండు బైట్లు అయింది. ఒక దస్తావేజులో రెండు పొలాలు ఉన్నాయి: మొదటిది 3 ఎకరాల 25 సెంట్ల 10 గజాలు, రెండోది 1 ఎకరా 40 సెంట్లు. కొత్త లైబ్రరీ వరుసగా 3, 25, 10, 1, 40, 0 అని మెమరీలో రాస్తుంది. పాత ప్రోగ్రాం వాటిని రెండేసి చొప్పున చదువుతుంది. మొదటి పొలం 3 ఎకరాల 25 సెంట్లుగా సరిగానే కనిపిస్తుంది. రెండోది 10 ఎకరాల 1 సెంటు అవుతుంది. పైగా ప్రోగ్రాం పదహారు బైట్లకు స్థలం ఇస్తే లైబ్రరీ ఇరవై నాలుగు రాసింది, మిగిలిన ఎనిమిది బైట్లు ఎవరి స్థలంలో పడ్డాయో తెలియదు. ప్రోగ్రాం వెంటనే కూలిపోతే అది అదృష్టమే. కూలిపోకుండా ఈ అంకెలతోనే కాగితం అచ్చయితే జరిగే నష్టం లైబ్రరీ రాసినవారి ఊహకు అందదు.

ఎస్ఓనేమ్ 0 నుంచి 3కు మారి ఉంటే ఇదేదీ జరగదు, ఎందుకంటే లిబ్‌సెంటు.ఎస్ఓ.0 దొరకలేదని చెప్పి లోడర్ ప్రోగ్రాంను మొదట్లోనే ఆపేస్తుంది. చాలామంది ఆ సందేశాన్నే జబ్బుగా భావించి, కొత్త ఫైలుకు పాత పేరుతో ఒక లింకు పెట్టి దాన్ని మాయం చేస్తారు. ఉబుంటు 22.04లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ 3వ వర్షన్ మాత్రమే రావడంతో, లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 అడిగే పాత ప్రోగ్రాంలకు ఈ చిట్కా ప్రయోగించినవారు తక్కువేమీ కాదు. ఇది కాపలాదారు నోరు నొక్కడమే తప్ప చికిత్స కాదు. ప్రోగ్రాంను కొత్త లైబ్రరీతో మళ్లీ కంపైల్ చేయాలి, అది సాధ్యం కాకపోతే పాత లైబ్రరీని దాని అసలు పేరుతో పక్కన ఉంచాలి. ఎస్ఓనేమ్‌లు వేరు కనుక రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండగలవు.

విడుదల నంబర్లకు సెమాంటిక్ వర్షనింగ్ (ఒప్పందం తెగితే మొదటి అంకె, ఏదైనా చేరితే రెండోది, లోపం దిద్దితే మూడోది పెంచే నియమం) పాటిస్తే చాలదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. చాలదు, ఎందుకంటే ఆ నియమం సోర్స్ కోడ్ స్థాయిలోని అనుకూలతను దృష్టిలో ఉంచుకుని రాసుకునేది. స్ట్రక్చర్ చివర ఒక అంకె చేర్చడం, ఎనమ్ జాబితా మధ్యలో ఒక పేరు దూర్చడం, సీ ప్లస్ ప్లస్ క్లాసులో వర్చువల్ ఫంక్షన్ల వరుస మార్చడం వంటివి సోర్స్ కోడ్‌ను ఇబ్బంది పెట్టవు, మళ్లీ కంపైల్ చేస్తే చక్కగా నడుస్తుంది. అప్పటికే కంపైల్ అయిన ప్రోగ్రాంకు మాత్రం అవి ప్రాణాంతకం. దీనికి ఎదురు ఉదాహరణ నెట్‌వర్క్‌లో ఫైళ్లు తెచ్చే లిబ్‌కర్ల్ లైబ్రరీ. దాని ఎస్ఓనేమ్ 2006లో 7.16.0 విడుదలతో 4 అయింది. 2023లో విడుదల నంబరు 8కి మారినా ఎస్ఓనేమ్ 4గానే ఉంది, పాత ప్రోగ్రాంలు కదలకుండా నడిచాయి. యూనికోడ్ పనులు చేసే ఐసీయూ లైబ్రరీ మరో చివర ఉంది: ప్రతి పెద్ద విడుదలకూ ఎస్ఓనేమ్ మారుతుంది, ఫంక్షన్ల పేర్ల చివర కూడా విడుదల అంకె అతికి ఉంటుంది. రెండు పద్ధతులూ నిజాయితీ గలవే. లిబ్‌కర్ల్ పద్ధతి రచయితల మీద భారం వేస్తుంది, ఐసీయూ పద్ధతి ప్యాకేజీలు చేసేవారి మీద వేస్తుంది. లక్షలాది ప్రోగ్రాంలు ఆధారపడే లైబ్రరీకి మొదటిదే గౌరవప్రదం.

కళాశాల ల్యాబుల్లో అన్నింటికన్నా ఎక్కువగా ఎదురయ్యే చిక్కుకు ఎస్ఓనేమ్‌తో సంబంధం లేదు. ఉబుంటు 22.04లో కంపైల్ చేసిన ప్రోగ్రాంను 20.04 ఉన్న కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే, జీలిబ్‌సీ (లినక్స్‌లోని ప్రధాన సీ లైబ్రరీ) 2.34 వర్షన్ దొరకలేదన్న సందేశం వస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ లైబ్రరీ పేరు లిబ్‌సీ.ఎస్ఓ.6 అనే ఉంది, 1997 నుంచీ ఆ 6 మారలేదు. ఇక్కడ నంబరు లైబ్రరీకి కాకుండా ఒక్కొక్క ఫంక్షన్‌కూ ఉంది. ఒప్పందం మారిన ఫంక్షన్‌ను జీలిబ్‌సీ తీసేయదు, పాతదాన్ని పాత నంబరుతో, కొత్తదాన్ని కొత్త నంబరుతో రెండింటినీ ఉంచుతుంది. మెమరీని నకలు చేసే మెమ్‌సీపీవై ఫంక్షన్ 2.14లో ఇలాగే రెండయింది. పాత ప్రోగ్రాం కొత్త సిస్టంలో నడవడానికి ఇది గొప్ప ఏర్పాటు, కొత్త ప్రోగ్రాం పాత సిస్టంలో నడవడానికి ఇది ఏ హామీ ఇవ్వదు. 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో ప్రోగ్రాంను మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త నంబరు వచ్చింది, అందుకే ఆ తర్వాతి సిస్టంలో లింక్ అయిన దాదాపు ప్రతి ప్రోగ్రామూ, ఒక్క వాక్యాన్ని అచ్చువేసేదైనా సరే, 2.34ను అడుగుతుంది. 20.04లో ఉన్నది 2.31. దీనికి లింకులు పనిచేయవు. వాడుకలో ఉన్న వాటిలో అతి పాత సిస్టం మీద, లేదా ఆ సిస్టం కంటైనర్‌లో, బిల్డ్ చేయడం ఒక్కటే నమ్మదగిన దారి.

ఒప్పందం మారినా లైబ్రరీ కోడ్‌లో ఒక్క అక్షరం మారని సందర్భమూ ఉంటుంది. 32 బిట్ల సిస్టంలలో కాలాన్ని లెక్కించే అంకె 2038 జనవరి 19తో నిండిపోతుంది. దాన్ని 64 బిట్లకు పెంచినప్పుడు, ఆ అంకెను తన ఇంటర్‌ఫేస్‌లో వాడే ప్రతి లైబ్రరీ ఏబీఐ మారిపోయింది, మూల రచయితలు ఎవరూ ఎస్ఓనేమ్ మార్చలేదు. 2024లో డెబియన్, ఉబుంటు నిర్వాహకులు ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేర్చి ఈ మార్పును దాటించారు. ఉబుంటు 24.04లో లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 అన్న పేరు వెనుక ఉన్న కథ ఇదే.

ఇన్ని పద్ధతుల మధ్య నిర్వహణ ఎలా ఉండాలన్న దానికి, ఏ సిస్టం నంబరునూ మూలంగా తీసుకోకూడదన్నదే జవాబు. మూలం మార్పుల చిట్టా కావాలి. ప్రతి విడుదలకూ ఎదురుగా కోడ్ మాత్రమే మారిందా, ఏదైనా చేరిందా, ఉన్నది తెగిందా అని ఒక ఫైలులో రాసి సోర్స్ కోడ్‌తో పాటే ఉంచితే, లినక్స్ అంకె, మాక్ అంకెలు, విండోస్ పేరు అన్నీ అందులోంచి బిల్డ్ ఫైలే లెక్కకట్టగలదు. ఏబీఐడిఫ్ వంటి ఉపకరణం పాత, కొత్త బైనరీలను పోల్చి, తీసేసిన ఫంక్షన్లను, మారిన స్ట్రక్చర్లను పట్టిస్తుంది. కానీ సెంట్ల అంకెలో రేపటి నుంచి సెంటులో నూరో వంతు నింపుదామని ఎవరైనా నిర్ణయిస్తే, బైట్లు మారవు, పేర్లు మారవు, 25 స్థానంలో 2500 వస్తుంది. ఏ ఉపకరణమూ దాన్ని పట్టుకోలేదు. చిట్టాలో ఒప్పందం తెగింది అని రాయవలసింది మనిషే.

లిబ్‌టూల్ నుంచి సీమేక్ అనే మరో బిల్డ్ ఉపకరణానికి మారే ప్రాజెక్టులు ఒక చోట జాగ్రత్తగా ఉండాలి. మాక్‌లో సీమేక్ వేరే చెప్పకపోతే ఎస్ఓవర్షన్‌నే (ఎస్ఓనేమ్ అంకెనే) కంపాటిబిలిటీ నంబరుగా రాస్తుంది. లిబ్‌టూల్ కాలంలో లిబ్‌సెంటు 2.0కు అది 4, సీమేక్‌లో 3 అవుతుంది. లైబ్రరీ ఏమాత్రం మారకపోయినా పాత ప్రోగ్రాం దృష్టిలో నంబరు వెనక్కి వెళ్లింది. దీనికోసమే సీమేక్ 3.17లో మాక్‌ఓ నంబర్లకు విడి ప్రాపర్టీలు వచ్చాయి, పాత విలువలను వాటిలో అలాగే కొనసాగించాలి. విండోస్‌లో సీమేక్ మామూలుగా డీఎల్ఎల్ పేరులో నంబరు చేర్చదు, 3.27 నుంచి అందుకు ప్రత్యేక ప్రాపర్టీ ఉంది. అది పెట్టకపోతే కడపలోని కంప్యూటర్లలో 1.3 డీఎల్ఎల్ మీద 2.0 డీఎల్ఎల్ అదే పేరుతో వచ్చి పడుతుంది, పది ఎకరాల ఒక సెంటు లెక్క మొదలవుతుంది. పెడితే రెండూ పక్కపక్కన ఉంటాయి, పాత ప్రోగ్రాంలన్నీ కొత్త దానితో బిల్డ్ అయ్యాక, దిగుమతి పట్టికల్లో పాత పేరు ఎక్కడా లేదని డంప్‌బిన్ ఉపకరణంతో చూసుకుని, అప్పుడు పాత ఫైలును తీసేయవచ్చు.